గేమ్ ఆడుతుంటే ప్రాసెసర్ 84 డిగ్రీలు చూపిస్తోంది, పాడైపోతుందా?

మీ ప్రాసెసర్ రైజెన్ 5 5600, దాన్ని చల్లబరచడానికి దాంతోపాటు వచ్చిన ఫ్యాన్ కూలరే వాడుతున్నారు. గేమ్‌లో 82 నుంచి 85 చూపిస్తోంది, 70 దాటితే ప్రాసెసర్ కాలిపోతుందని ఫ్రెండ్ భయపెట్టాడు. ఇదే కదా మీ టెన్షన్?

కాలిపోదు. ఆ ప్రాసెసర్‌కి దాని తయారీ కంపెనీ ఏఎండీ పెట్టిన హద్దు 90 డిగ్రీలు. అక్కడిదాకా వెళ్తే అదే వేగం తగ్గించుకుంటుంది, ఇంకా ముదిరితే సిస్టమ్ ఆగిపోతుంది. ఈ హద్దు అన్నిటికీ ఒకటి కాదు. రైజెన్ 7 7800ఎక్స్3డీకి 89, రైజెన్ 5 7600ఎక్స్‌కి 95, నా దగ్గరున్న ఇంటెల్ ఐ5-12400ఎఫ్‌కి 100. మీ ఫ్రెండ్ ఆ 70 ఎక్కడ పట్టుకొచ్చాడో మరి.

అయితే మీరు చెప్పని సంగతి ఒకటుంది. అప్పుడు గదిలో ఎంత వేడి ఉంది? ఫ్యాన్ కూలర్ ఏదైనా గదిలో ఉన్న గాలినే లాగి ఊదుతుంది. గది పది డిగ్రీలు వేడెక్కితే ప్రాసెసర్ కూడా దాదాపు అంతే ఎక్కుతుంది. నేనుండేది మల్కాజిగిరిలో, నెత్తిమీద స్లాబు, ఆపైన ఎండ. డిసెంబర్ రాత్రి 62 దగ్గర నడిచే గేమే మే నెల మధ్యాహ్నం 78కి పోతుంది. మెషీన్‌లో ఏ మార్పూ లేదు, మారింది గది.

అలాగని అన్నిటికీ ఎండనే తిట్టుకోకండి, నేను చేసిన తప్పు అదే. పీసీ కొన్న తొలి వేసవిలో ఇరవై నిమిషాలు ఆడేసరికి 100 తాకేది, గేమ్ ఆగి ఆగి నడిచేది. హైదరాబాద్ ఎండలు కదా అని సర్దిచెప్పుకుని, క్యాబినెట్ పక్క ప్యానెల్ ఊడదీసి టేబుల్ ఫ్యాన్ పెట్టుకుని నెలరోజులు ఆడాను. ఓరోజు దుమ్ము తుడుస్తుంటే కూలర్‌కి చెయ్యి తగిలి కాస్త ఊగింది. చూస్తే, మదర్‌బోర్డులోకి నొక్కి బిగించే నాలుగు పిన్నుల్లో ఒకటి అసలు లోపలికి దిగనేలేదు! అసెంబుల్ చేసిన షాపులోనే అలా వదిలేశారు. కూలర్ తీస్తే, ప్రాసెసర్ వేడి కూలర్‌కి అందేలా మధ్యలో రాసే థర్మల్ పేస్ట్ ఒకవైపు పల్చగా పరుచుకుంది, రెండోవైపు పెట్టింది పెట్టినట్టే ముద్దగా ఉంది. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీకి వెళ్లి చిన్న పేస్ట్ ట్యూబు కొనుక్కొచ్చి, పాత పేస్ట్ తుడిచి కొత్తది రాసి, నాలుగు పిన్నులూ టక్‌మని దిగేదాకా నొక్కాను. ఆ మధ్యాహ్నమే 79కి దిగింది.

కాబట్టి ప్రాసెసర్ వేడి ఎంతో చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్ పెట్టి అరగంట ఆడి చూడండి. ఒక్క క్షణం ఎగిరిపడే అంకెను వదిలేయండి, నిలకడగా ఎంత ఉందో అదే లెక్క. ఎండాకాలంలో ఏసీ లేని గదిలో 84 అయితే నేనైతే పట్టించుకోను, ముందువైపు జాలీకి పట్టిన దుమ్ము దులిపి ఊరుకుంటాను. మా పక్క ప్లాట్‌లో అపార్ట్‌మెంట్ కడుతున్నారు, నెల తిరిగేసరికి ఆ జాలీ మీద వేలితో పేరు రాయొచ్చు. ఏసీ 25లో పెట్టుకుని ఆడినా 84 ఉంటే మాత్రం పేస్టో, కూలర్ బిగింపో, ఆగిపోయిన ఫ్యానో, ఏదో ఒకటి తేడాగా ఉన్నట్టే. ఇంకొకటి, మీ మానిటర్ 75 హెర్ట్జ్‌దైతే, అంటే సెకనుకు 75 బొమ్మలే చూపించగలిగితే, గేమ్ సెకనుకు 160 ఫ్రేములు (బొమ్మలు) తీయడం దండగ. 75కి కట్టేయండి, పైసా ఖర్చు లేకుండా వేడి తగ్గుతుంది. ఎయిర్ కూలర్ ఉంటే గది చల్లబడటానికి వాడుకోండి గానీ, ఆ తేమ గాలి నేరుగా క్యాబినెట్‌కి కొట్టేలా పెట్టొద్దు.

కూలర్ విప్పాల్సి వస్తే ఒక జాగ్రత్త. మీ ప్రాసెసర్‌కి పిన్నులు అడుగునే ఉంటాయి. ఎండిపోయిన పేస్ట్ పట్టేసుకుని, కూలర్‌ని పైకి లాగితే లాక్ వేసి ఉన్నా ప్రాసెసర్ కూడా సాకెట్ నుంచి ఊడి రావొచ్చు, పిన్నులు వంగిపోవచ్చు. పది నిమిషాలు గేమ్ ఆడి, పవర్ కేబుల్ పీకేసి, పేస్ట్ వేడిగా ఉండగానే స్క్రూలు విప్పండి. కూలర్‌ని అటూ ఇటూ మెల్లగా తిప్పి, వదులయ్యాకే ఎత్తండి. మా కజిన్ ఆగలేక లాగేశాడు. వంగిన మూడు పిన్నులని లెడ్ పెన్సిల్ మొనతో నిలబెట్టడానికి ఆ రాత్రి రెండు గంటలు పట్టింది.