సేవ పిల్లల చేతుల్లో ఉండాలి

అమ్మణ్ణీ,

నీ ఉత్తరం చదివాను. ఈ ఏడాది ఒకటి నుంచి ఐదో క్లాసు దాకా పిల్లల సేవా కార్యక్రమాలన్నీ సిస్టర్ గారు నీకే అప్పగించారని, ఎక్కడ మొదలుపెట్టాలో తోచక టెన్షన్‌గా ఉందని రాశావు. నువ్వు పంపిన పట్టిక కూడా చూశాను. అనాథాశ్రమంలో బిస్కెట్ల పంపిణీ, వృద్ధాశ్రమంలో దుప్పట్లు, ఆసుపత్రిలో పండ్లు, బ్యానర్ పట్టుకుని ర్యాలీ, క్రిస్మస్‌కు కేకులు. ఇందులో పిల్లలు చేసే పని ఏదమ్మా? దుప్పటి కొనేది నాన్న, బిస్కెట్ ప్యాకెట్ సంచిలో పెట్టేది అమ్మ, దించి మోసేది బస్సు డ్రైవర్. బిడ్డ చేసేదల్లా చెయ్యి చాచి ఇవ్వడం, ఫొటోకు నిలబడడం. పైగా కొనలేని ఇంటి బిడ్డకు ఆ రోజు బడికి రావడమే కష్టమవుతుంది.

అందుకని ఆ పట్టిక పక్కన పెట్టు. ఏది తలపెట్టినా ముందు రెండు సంగతులు చూసుకో. ఇందులో ఏడేళ్ల బిడ్డ తన చేతులతో చేసే పని ఏముంది? ఆ పని కావాలని అవతలివాళ్లు అడిగారా, మనమే అనుకుంటున్నామా? ఈ రెండింటికీ జవాబు దొరికితే అది చిన్న పనైనా సరే, ధైర్యంగా చేయించు.

మొదట బడి గేటు దాటవద్దు. జూన్‌లో బడి తెరిచాక నెలన్నర పాటు సేవంతా లోపలే జరగనీ. ఐదో క్లాసు పిల్లలు ఒకటో క్లాసు పిల్లల పక్కన కూర్చుని రోజూ పావుగంట తెలుగు వాచకం చదివించాలి. షూ లేసులు కట్టుకోవడం నేర్పాలి, కట్టిపెట్టడం కాదు. మధ్యాహ్నం అన్నం తిన్నాక కింద పడిన మెతుకులు ఎవరివి వాళ్లే తీయాలి. మన ఆయమ్మలు వంగి వంగి ఆ మెతుకులు ఏరుతుంటే, పక్కనే మనం వృద్ధాశ్రమానికి బస్సు మాట్లాడుకోవడం నాకు ఎప్పుడూ నచ్చదు. ఆయమ్మ పేరేమిటో, ఏ ఊరి నుంచి వస్తుందో తెలియని బిడ్డకు బయట సేవ నేర్పలేం.

తరువాత పిడికెడు బియ్యం. మన విచారణల్లో, అంటే మన చర్చిల పరిధిలో, చాలా ఇళ్లలో ఉన్న అలవాటే కదా, వంటకు బియ్యం కొలిచేటప్పుడు ఒక పిడికెడు వేరే డబ్బాలో వేయడం. బడిలో శుక్రవారం శుక్రవారం చేయించు. పిల్లల పిడికిలి చిన్నదే, అయినా నలభై మంది వేస్తే కిలో పైనే అవుతుంది. పిడికిలి అమ్మది కాకూడదు, బిడ్డది కావాలి. ఇంట్లో తానే డబ్బాలో చెయ్యి పెట్టి తీసుకోవాలి.

ఇక్కడ ఒక చిక్కుంది, ముందే చెబుతున్నాను. ఒక బిడ్డ సోనా మసూరి తెస్తుంది, ఇంకో బిడ్డ రేషన్ బియ్యం తెస్తాడు. రెండూ కలిపితే అన్నం ఒకటి మెత్తబడుతుంది, ఒకటి పలుకుగా ఉంటుంది, వంటవాళ్లు విసుక్కుంటారు. విడివిడిగా రెండు డ్రమ్ములు పెడదామని ఎవరైనా అంటారు. ఒప్పుకోకు. ఏ బిడ్డ ఏ డ్రమ్ము దగ్గరికి వెళ్తుందో క్లాసంతా చూస్తుంది. ఒకే డ్రమ్ము పెట్టు, మూతకు చెయ్యి పట్టేంత కన్నం చేయించు. లోపల ఏం పడిందో ఎవరికీ కనబడకూడదు. ఆ కలగలుపు బియ్యం అన్నానికి కాకుండా సంగటికీ దోసె పిండికీ వాడుకోమని, ఆ బియ్యం పుచ్చుకునే ఆశ్రమంవాళ్లకు ముందే చెప్పు. మన వైపు రాగి సంగటి లేని వంటిల్లు ఉండదు కాబట్టి ఒక్క గింజా వృథా పోదు. ఏ క్లాసు ఎక్కువ తెచ్చిందని బోర్డు మీద మాత్రం రాయించకు. పోటీ పెట్టిన రోజు పిడికెడు కాస్తా పది కిలోల మూట అవుతుంది, ఆ మూట నాన్న బండి మీద వస్తుంది.

1843లో ఫ్రాన్స్‌లో బిషప్ ఫోర్బాన్ జాన్సన్ గారు హోలీ చైల్డ్‌హుడ్ అనే పిల్లల సంఘం మొదలుపెట్టినప్పుడు పిల్లలను అడిగింది కూడా ఇంతే: మరియమ్మకు రోజుకొక మంగళవార్త జపం, నెలకొక చిన్న నాణెం. పిల్లల కోసం పిల్లలే చేసేదని ఆయన ఉద్దేశం. ఎవరైనా నీతో ‘ఇంత చిన్నదేనా?’ అంటే ఆ సంగతి చెప్పు.

ఇక బయటికి వెళ్లే పని. ఏడాదికి ఆరు చోట్లకు ఒక్కోసారి వెళ్లేకంటే, ఒకే చోటికి నెలనెలా వెళ్లు. నా మాట వింటే వృద్ధుల ఆశ్రమం ఎంచుకో. నాలుగు, ఐదు క్లాసుల పిల్లల్నే తీసుకెళ్లు, అదీ పదిహేను మందికి మించకుండా, ప్రతిసారీ ఆ పిల్లల్నే. మిగతావాళ్లకు వచ్చే ఏడాది వంతు వస్తుంది.

వెళ్లే ముందు నువ్వొక్కదానివే పోయి, అక్కడ చూసుకునే ఆమెతో కూర్చుని మాట్లాడు. ‘ఏం తెమ్మంటారు?’ అని అడగవద్దు, అలా అడిగితే మొహమాటానికి ఏదో ఒకటి చెబుతారు. ‘ఇక్కడివాళ్లకు రోజూ ఏ పని చేతకాకుండా పోతోంది?’ అని అడుగు. అప్పుడు అసలు సంగతులు బయటికొస్తాయి. సూదిలో దారం ఎక్కించుకోలేకపోతున్నారు. పేపర్‌లో అక్షరాలు కనబడటం లేదు. ఫోన్‌లో కొడుకు నంబరు ఎక్కడుందో తెలియడం లేదు. ఇవన్నీ తొమ్మిదేళ్ల బిడ్డ చేయగలిగినవే. పది సూదులకు మూరెడు మూరెడు దారం ఎక్కించి ఒక గుడ్డకు గుచ్చి ఇస్తే, నెలంతా ఒక అవ్వ తన జాకెట్ తానే కుట్టుకుంటుంది. ఫోన్ నంబర్లు పెద్ద అక్షరాలతో అట్ట మీద రాసి ఇస్తే ఒక తాత ఎవరినీ బతిమాలక్కర్లేదు. స్వీట్లు, కేకులు వద్దు. వాళ్లలో చాలామందికి షుగరు ఉంటుంది. పిల్లలు వెళ్లిపోయాక ఆ తిప్పలు పడేది అక్కడి ఆయాలే.

ఒక ఆశ్రమంలో ఎప్పుడూ గోడ వైపు తిరిగి కూర్చునే అవ్వ ఉండేది. పిల్లలు పాటలు పాడినా తిరిగేది కాదు, నమస్తే అన్నా పలికేది కాదు. ఒక నాలుగో క్లాసు పాప వామనగుంటల పీట తీసుకుని ఆమె మంచం పక్కనే నేల మీద కూర్చుంది. రెండు వరసలు, వరసకు ఏడు గుంటలు. చింతగింజలు పంచుతూ పోతూ ఒక గుంటలో రెండు వేసేసింది. అవ్వ చెయ్యి కిందికొచ్చింది. ఆ గుంటలోంచి ఒక గింజ తీసి పక్క గుంటలో వేసి, ‘అట్ల కాదు పాపా, ఒక్కొక్కటే’ అంది. బస్సు హారన్ కొట్టేదాకా ఆట నేర్పుతూనే ఉంది. మరుసటి నెల ఆ పాపకు జ్వరమొచ్చి రాలేదు. ‘చింతగింజల పాప ఏదీ?’ అని అవ్వ ప్రతి బిడ్డనూ అడిగింది. అదే పిల్లలు అదే చోటికి వెళ్లాలని నేను పట్టుబట్టేది అందుకే. వాళ్లు మనకు నేర్పేది కూడా ఉండాలి. పులిజూదం, పొడుపుకథలు, మల్లెపూలు మాల కట్టడం, ఏదైనా సరే. ఇచ్చేవాళ్లం మనమే, పుచ్చుకునేవాళ్లు వాళ్లే అన్నట్టు ఉంటే ఆ పెద్దవాళ్లు రెండోసారి మనల్ని చూసి మొహం తిప్పుకుంటారు.

ఏ నెలల్లో తప్పకుండా వెళ్లాలన్నది కూడా ఆలోచించు. డిసెంబర్‌లో, జనవరి ఒకటో తేదీన ఆశ్రమాల ముందు కార్లు వరస కడతాయి. ఒకే రోజు మూడు భోజనాలు వచ్చి రెండు పారబోస్తారు. ఫిబ్రవరిలో, ఆగస్టులో గేటు తీసేవాళ్లే ఉండరు. నువ్వు ఆ నెలల్లో మాత్రం మానకుండా వెళ్లు. సెప్టెంబర్ 5 మాత్రం మనకు బాగా కలిసొస్తుంది. అది టీచర్స్ డే, కోల్‌కతా మదర్ తెరెసా పండుగ కూడా. ఆ రోజు పిల్లలు మనకు పూలు ఇచ్చేబదులు ఆయమ్మలకు, వాచ్‌మన్‌కు, బస్సు డ్రైవర్‌కు తామే వడ్డించి భోజనం పెట్టేలా చెయ్యి.

ఈస్టర్‌కు ముందు తపస్సు కాలం వచ్చేసరికి మన తిరుపతిలో ఎండలు మొదలవుతాయి. అప్పుడు గేటు ముందు చలివేంద్రం పెట్టించు. మత్తయి సువార్త 25వ అధ్యాయంలో ఆకలిగొన్నవారికి అన్నం తరువాత వచ్చేది దప్పిగొన్నవారికి నీళ్లే. అలిపిరి వైపు నడిచిపోయే యాత్రికులు, ఆటోవాళ్లు, పూలమ్మేవాళ్లు అందరూ తాగుతారు. పందిరి వేయించడం సులువే, రోజూ కుండ కడగడమే అసలు పని. పొద్దున ఇద్దరు పిల్లలు కుండ లోపల పీచుతో రుద్ది కడగాలి, నీళ్లు నింపాలి, మూత మీద తడిగుడ్డ వేయాలి. కుండలో గ్లాసు ముంచనీయకుండా పొడవాటి కాడ ఉన్న గరిటెతో పోయాలి. పేపర్ కప్పులు, ప్లాస్టిక్ గ్లాసులు వద్దు. స్టీలు గ్లాసులు కడగడానికి ఒక బకెట్ పెట్టు. ఒంటిపూట బడులు మొదలయ్యాక పిల్లలు పన్నెండున్నరకే ఇంటికి పోతారు, జనానికి దాహం వేసేది ఆ తరువాతే. కాబట్టి మధ్యాహ్నం ఎవరు చూస్తారో ముందే మాట్లాడుకో. వాచ్‌మన్ మీద తోసేయకు. విచారణ యువతను అడుగు, వంతులు వేసుకుంటారు.

వీధులు ఊడ్పించే కార్యక్రమం వద్దు. మన రోడ్ల పక్కన గాజు పెంకులు, సూదులు ఉంటాయి. పసివాళ్లు చెయ్యి పెట్టే చోటు కాదు. పారిశుధ్య కార్మికులను పిలిచి శాలువా కప్పి చప్పట్లు కొట్టించడం కూడా నాకు అంతగా రుచించదు. బదులుగా ప్రతి బిడ్డా తన ఇంట్లో నెల రోజులు తడి చెత్త, పొడి చెత్త వేరు చేయాలి. గ్లాసో సీసానో పగిలితే పెద్దవాళ్లు ఏరిన పెంకులను న్యూస్‌పేపర్‌లో చుట్టాక, బిడ్డ దానికి దారం కట్టి, పైన ఎర్ర స్కెచ్‌తో ‘గాజు’ అని రాసి వేరుగా ఇవ్వాలి. ఆ ఒక్క మాట రాయడం వల్ల చెత్త బండి దగ్గర ఒకరి చెయ్యి తెగకుండా ఉంటుంది. ఒకటో క్లాసు బిడ్డకు కూడా రెండు అక్షరాలు రాయడం వస్తుంది కదా.

పెద్దాసుపత్రులకు, అది రుయా అయినా స్విమ్స్ అయినా, పిల్లలను తీసుకెళ్లకు. రోగులకూ మంచిది కాదు, పిల్లలకూ మంచిది కాదు.

ఇప్పుడు జాగ్రత్తగా చదువు. మనది కతోలిక బడే కానీ మన క్లాసుల్లో కూర్చునేవాళ్లు ఎక్కువమంది హిందువుల పిల్లలు, ముస్లింల పిల్లలు. పైగా ఉన్నది తిరుపతిలో. సేవ పేరుతో జపమాలలు, పతకాలు, కరపత్రాలు ఒక్కటి కూడా పంచకూడదు. మన పిల్లలకు మత్తయి సువార్త క్యాటకిజం (మతబోధ) క్లాసులో చెప్పుకుందాం. మిగతావాళ్లతో మోరల్ సైన్స్ పీరియడ్‌లో మాట్లాడు. ఎవరి ఇంట్లో ఈ అలవాటు ఎలా ఉందో వాళ్లనే అడుగు. రంజాన్‌లో ఫిత్రా దానం ఇచ్చే ఇంటి బిడ్డ చెబుతాడు, అన్నదానం చేసే ఇంటి బిడ్డ చెబుతుంది. శ్రీవారి సేవకు వెళ్లి వచ్చిన తల్లులు మన పేరెంట్స్‌లో తప్పకుండా ఉంటారు. వందల మందికి వడ్డించి, క్యూలో తోపులాట లేకుండా చూసుకున్నవాళ్లు వాళ్లు. వాళ్లను పిలిచి సాయం అడుగు. ఆ తల్లులు వెంట ఉంటే బడి మీద అనుమానాలు పుట్టవు, నీకు నిజంగా చెయ్యి తిరిగిన మనుషులు దొరుకుతారు.

ఫొటోల గురించి సిస్టర్ గారితో ముందే మాట్లాడి ఒక మాట అనుకోండి. పిల్లల సంరక్షణ గృహాల్లో ఉండే పిల్లల ఫొటో, పేరు, చిరునామా బయటపెట్టడం 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ కింద నేరం. ఆరు నెలల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. బడి వాట్సాప్ గ్రూపులో పెట్టినా బయటపెట్టినట్టే అనుకో. చట్టం సంగతి అలా ఉంచినా, అన్నం పుచ్చుకుంటూ ఫొటో దిగాలని ఎవరు కోరుకుంటారు? కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి తెలియకూడదని చెప్పే మనమే పేపర్‌కు ఫొటో పంపకూడదు. మన పిల్లలు కుండ కడుగుతున్న ఫొటో కావాలంటే తీసుకో, నీళ్లు తాగేవాళ్లది వద్దు.

తిరిగొచ్చాక బస్సులోనే ప్రసంగం చేయకు. మర్నాడు క్లాసులో అడుగు: ‘నిన్న ఎవరి పేరు తెలుసుకున్నావు? వాళ్లు నీకేం నేర్పారు?’ చిన్న క్లాసులవాళ్లు బొమ్మ వేస్తారు, పెద్దవాళ్లు నాలుగు వాక్యాలు రాస్తారు. ‘పాపం’ అని ఎవరైనా రాస్తే కొట్టేయకు. వాళ్లు ఏం చూసి అలా రాశారో నెమ్మదిగా అడుగు. సర్టిఫికెట్లు, మార్కులు పెట్టవద్దు. మొదటి రెండు నెలలు కొందరు పేరెంట్స్ ‘ఏం లాభం?’ అంటారు. ఓపికపట్టు. బిడ్డ ఇంట్లో అవ్వకు సూదిలో దారం ఎక్కించి ఇచ్చిన రోజు వాళ్లే వచ్చి నీతో చెబుతారు.

తల్లిదండ్రులకు పంపే అనుమతి ఉత్తరం ఈ వారంలోనే రాయి. తెలుగులో రాయి. తమిళం, ఉర్దూ మాట్లాడే ఇళ్లకు ఎవరి చేతనైనా చదివించు. ఎక్కడికి వెళ్తున్నాం, అక్కడ పిల్లలు ఏం పని చేస్తారు, వెంట ఏ టీచర్లు ఉంటారు, బస్సు ఎన్నింటికి తిరిగొస్తుంది అన్నవి నాలుగూ ఉండాలి. డబ్బు ఏమీ తేనక్కర్లేదన్న మాట పెద్ద అక్షరాలతో ఉండాలి. ఎనిమిది మంది పిల్లలకు ఒక పెద్దమనిషి తప్పకుండా ఉండాలి, ఏ బిడ్డనూ తెలియనివాళ్ల గదిలో ఒంటరిగా వదలకూడదు, బాత్‌రూమ్‌కైనా ఇద్దరు కలిసే వెళ్లాలి. ఎవరికి ఆస్తమా ఉందో, ఎవరికి బస్సు పడదో కింద రాసి పంపమని ఖాళీ గీత ఒకటి వదులు. రాయడం అయ్యాక ఒక కాపీ నాకు పంపు, సిస్టర్ గారికి ఇచ్చే ముందు ఒకసారి చూస్తాను.

ప్రభువు ఆశీస్సులతో,
మీ టీచరమ్మ