గర్భంలో ఉండగానే మందు ఇచ్చి ఆటిజం రాకుండా ఆపవచ్చా?

మీ మొదటి బిడ్డకు ఆటిజం ఉందని, ఇప్పుడు మళ్లీ గర్భంతో ఉన్నారని రాశారు. కాన్పుకు ముందు తల్లి ఎలుకకు ఒక మందు ఇస్తే పిల్లల్లో ఆటిజం లక్షణాలు కనిపించలేదన్న వార్త చదివి, ఆ మందును మీరు వాడవచ్చా అని అడిగారు. దయచేసి వాడవద్దు. ఇలాంటి ప్రయోగాలు జరిగే ప్రయోగశాలలో నాలుగేళ్లు సహాయకురాలిగా పనిచేశాను కాబట్టి, కారణం వివరంగా చెబుతాను.

ఆ ఎలుకలకు ఆటిజం దానంతట అది రాలేదు. మూర్ఛకు వాడే వాల్ప్రోయేట్‌ను, గర్భం దాల్చిన పన్నెండో రోజు ప్రాంతంలో, కిలో బరువుకు 500 లేదా 600 మిల్లీగ్రాముల చొప్పున తల్లి ఎలుకకు ఒకేసారి ఎక్కిస్తారు. మనుషులు రోజుకు తీసుకునే మోతాదుకు ఇది ఎన్నో రెట్లు. ఆ తర్వాత పుట్టిన పిల్లలు తల్లి నుంచి విడదీసినప్పుడు తక్కువగా కూత పెడతాయి. మూడు గదుల పెట్టెలో వదిలితే, కొత్త ఎలుక ఉన్న గది దగ్గర ఎక్కువసేపు గడపవు. నా పని ఆ వీడియోలు చూసి, ఏ గదిలో ఎన్ని సెకన్లు ఉందో రాయడం. మూలన కూర్చున్న పిల్ల భయంతో కూర్చుందో, ఒంట్లో బాగోలేక కూర్చుందో ఆ సెకన్ల లెక్క చెప్పదు. మేము దానిని ఆటిజాన్ని పోలిన ప్రవర్తన అని మాత్రమే రాసేవాళ్లం; వార్తల్లోకి వచ్చేసరికి అది ఆటిజం అయిపోతుంది.

మీరు చదివినది బహుశా బ్యుమెటనైడ్ గురించి కావచ్చు. అది ఒంట్లోని నీటిని మూత్రంగా బయటకు పంపే మందు. మెదడు కణాల్లో క్లోరైడ్‌ను కూడా తగ్గిస్తుంది. 2014లో సైన్స్ పత్రికలో వచ్చిన పరిశోధనలో, కాన్పుకు కాస్త ముందు తల్లి ఎలుకకు దీనిని ఇచ్చినప్పుడు పిల్లల మెదడు పనితీరు, కూతలు మామూలు స్థితికి దగ్గరగా వచ్చాయి. అది నిజంగా మంచి పరిశోధన. కానీ అదే మందును ఆటిజం ఉన్న పిల్లలకు ఇచ్చి చూసిన రెండు పెద్ద పరీక్షలను, ఉత్తుత్తి మందుకు మించిన ఫలితం లేకపోవడంతో, 2021లో ఆపివేశారు.

నన్ను ఎక్కువగా బాధపెట్టినది లెక్కల విషయం. మందు తల్లికి ఎక్కుతుంది కాబట్టి, ఒకే ఈతలో పుట్టిన పది పిల్లలను పది సాక్ష్యాలుగా కాక ఒక్కటిగానే లెక్కించాలి. ఈ వాల్ప్రోయేట్ ప్రయోగాలపై వచ్చిన 34 పత్రాలను పరిశీలించిన 2013 నాటి సమీక్షలో, ఈ పద్ధతిని సరిగ్గా పాటించినవి మూడే తేలాయి. మా దగ్గరా మొదట ముగ్గురు తల్లుల పిల్లలు ఇరవై నాలుగింటిని విడివిడిగా లెక్కించి, పెద్ద తేడా వచ్చిందని సంతోషించాము. తల్లుల వారీగా లెక్క కట్టగానే ఆ తేడా నిలబడలేదు. మరిన్ని తల్లి ఎలుకలతో మళ్లీ మొదటి నుంచి చేయడానికి దాదాపు ఏడాది పట్టింది.

ఇవన్నీ సరిగ్గా జరిగినా, ఇంకొక అడ్డంకి మిగులుతుంది. ప్రయోగశాలలో ఏ పిల్లకు హాని జరిగిందో, ఏ రోజున జరిగిందో మాకు ముందే తెలుసు, ఎందుకంటే ఆ హాని చేసింది మేమే. మీ గర్భంలోని బిడ్డకు ఆటిజం వస్తుందో లేదో ఖచ్చితంగా చెప్పే పరీక్ష లేదు. తోబుట్టువుకు ఆటిజం ఉన్న పిల్లల్లో సుమారు ఐదుగురిలో ఒకరికే అది వస్తుంది. అంటే మిగతా నలుగురికీ అవసరం లేని మందును, మెదడు రూపుదిద్దుకునే సమయంలో ఇచ్చినట్లవుతుంది.

ఎలుకల్లో కనిపించిన ఒక్క విషయం మాత్రం మనుషుల్లోనూ నిజమైంది: వాల్ప్రోయేట్ ప్రమాదం. డెన్మార్క్‌లో ఆరున్నర లక్షల మందికి పైగా పిల్లలపై జరిగి 2013లో ప్రచురితమైన అధ్యయనంలో, గర్భంలో ఈ మందుకు గురైనవారిలో 4.42 శాతం మందికి ఆటిజం లేదా దాని కోవకు చెందిన సమస్య వచ్చే అవకాశం కనిపించగా, మొత్తం పిల్లల్లో అది 1.53 శాతమే. మీరు మూర్ఛకు గానీ, మానసిక సమస్యకు గానీ ఈ మందు వాడుతుంటే, ఈ రోజే మీ వైద్యులతో మాట్లాడండి. సొంతంగా మాత్రం ఆపవద్దు, అదుపు తప్పిన మూర్ఛ మీ ఇద్దరి ప్రాణాలకూ ముప్పు. ఈ మందు వాడకపోయినా, పుట్టబోయే బిడ్డ పిలిస్తే తిరిగి చూస్తోందా, వేలితో చూపిస్తోందా అన్నది మొదటి ఏడాది నుంచే పిల్లల వైద్యులతో కలిసి గమనించే ఏర్పాటు ఇప్పుడే చేసుకోండి.