స్కాన్ దగ్గర పడితే బెంగ

ప్రశ్న: ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు మా అమ్మగారు కొత్త మందు ట్రయల్‌లో ఉన్నారు. సీటీ స్కాన్ తేదీ దగ్గర పడితే ఆమెకు అన్నం సహించదు. కిందటిసారి గడ్డ తగ్గలేదు, పెరగలేదు అన్నారు. ఆశ పెట్టుకోవచ్చునా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: పెట్టుకోవచ్చునమ్మా. ఇలాంటి ట్రయల్స్‌లో సాధారణంగా, ఎంచుకున్న గడ్డల కొలతల మొత్తం 30 శాతమైనా తగ్గితే పాక్షికంగా తగ్గినట్టనీ, అప్పటివరకు వచ్చినవాటిలో అత్యల్ప కొలతకంటే 20 శాతం, అదీ కనీసం 5 మిల్లీమీటర్లు పెరిగినా, కొత్త గడ్డ కనిపించినా వ్యాధి ముదిరినట్టనీ లెక్క. నడుమ ఉన్నదాన్ని నిలకడగా పరిగణించి, దుష్ఫలితాలు భరించగలిగితే చాలావరకు మందు కొనసాగిస్తారు. మందు పనిచేస్తుందన్న హామీ మాత్రం ఎవరూ ఇవ్వలేరు. రిపోర్టు ఫోన్‌లోకి రాగానే మీరే అర్థాలు తీయకుండా (అందరూ చేసేదదే లెండి), డాక్టరుగారి ఎదుట పాత కొలతల పక్కన పెట్టి చూడండి. స్కాన్ అయిన మర్నాడే ఆయన్ను కలిసే వీలు కల్పించమని ట్రయల్ కోఆర్డినేటర్‌ను ముందే అడగండి.