బైపాప్ మాస్కు పెట్టుకోనంటున్న ఎం.ఎన్.డి. రోగికి దానిని ఎలా అలవాటు చేయాలి?

మీ నాన్నగారికి మోటార్ న్యూరాన్ వ్యాధి (ఎం.ఎన్.డి., కండరాలను నడిపే నరాలు క్రమంగా దెబ్బతినే జబ్బు) వల్ల ఊపిరి కండరాలు బలహీనపడ్డాయని, రాత్రిపూట బైపాప్ (మాస్కు ద్వారా గాలిని లోపలికి తోసి ఊపిరికి సాయపడే యంత్రం) వాడమని డాక్టరు చెప్పినా, మాస్కు పెట్టిన కొద్ది నిమిషాలకే తీసేయమంటున్నారని రాశారు. హైదరాబాదులో రెస్పిరేటరీ థెరపిస్టుగా, ఇటువంటి రోగుల ఇళ్లకు వెళ్లి ఈ యంత్రాన్ని అలవాటు చేయించడం నా పని. మాస్కు వద్దనేవారిలో ఎక్కువమంది భయం వల్లనే వద్దంటారని, ఆ భయానికి సరైన కారణమే ఉంటుందని ఈ పనిలో గ్రహించాను. చేతులు పైకి ఎత్తలేని మనిషికి మాస్కు బిగించి, లైటు ఆర్పి మనం పక్కగదికి వెళ్లిపోతే, వాంతి వచ్చినా, ఊపిరాడకపోయినా ఆయన దానిని తీసుకోలేరు. లోపలి నుంచి పిలిచినా మనకు వినపడదు.

కాబట్టి యంత్రం కంటే ముందు, మనల్ని పిలవడానికి ఆయనకొక మార్గం ఏర్పరచండి. ఏ వేలు కాస్త కదిలితే ఆ వేలి దగ్గర, తేలికగా నొక్కగల కాలింగ్ బెల్ స్విచ్ అమర్చండి. వరంగల్ వైపు ఒక రిటైర్డ్ ఉపాధ్యాయులకు కాలి బొటనవేలి కింద అమర్చాము. ఆ తరువాతే ఆయన మాస్కుతో కునుకు తీయగలిగారు. అలాగే, కళ్లు రెండుసార్లు గట్టిగా మూస్తే ‘తీసేయండి’ అని అర్థంగా పెట్టుకోండి. ఆ సైగ చేసిన మరుక్షణం తీసేయాలి. ‘ఇంకో ఐదు నిమిషాలు ఓర్చుకోండి నాన్నా’ అని ఒక్కసారి బతిమాలినా నమ్మకం పోతుంది, మళ్లీ కుదరడానికి చాలా రోజులు పడుతుంది.

మొదలుపెట్టవలసింది రాత్రి కాదు, పగలు. భోజనమైన వెంటనే కాకుండా, ఆయన తల ఎత్తుగా పెట్టుకుని టీవీ చూస్తున్నప్పుడు, గాలిని ముందు చెంపకు తగలనిచ్చి, తరువాత పట్టీలు వేయకుండా మాస్కును మీ చేత్తోనే ముఖానికి ఆనించండి. అది ఇబ్బంది లేదన్నాక పట్టీలు, ఆపైన మధ్యాహ్నపు నిద్ర, చివరికి రాత్రి. కొందరికి వారంలో, మరికొందరికి నెలలో కుదురుతుంది. గాలి మరీ తోస్తోందన్నా, కడుపు ఉబ్బుతోందన్నా ప్రెషర్లను మీరు మార్చకుండా డాక్టరుకు చెప్పండి. తక్కువతో మొదలుపెట్టి మెల్లగా పెంచవచ్చు. గురక కోసం వాడే సీపాప్ చూడటానికి ఇలాగే ఉంటుంది కానీ, ఈ వ్యాధిలో దానితో పని జరగదు. ఎవరో ఇచ్చారని దానిని వాడవద్దు.

పట్టీలు బిగించేకొద్దీ ముక్కు దూలం మీద పుండు పడుతుందే తప్ప గాలి లీకు ఆగదు. సైజు మార్చి చూడండి. నోరు తెరుచుకుపోయేవారికి నోరూ ముక్కూ కప్పే మాస్కు, ఆ ఇబ్బంది లేనివారికి ముక్కు మాస్కు సాధారణంగా నప్పుతాయి. నోరు ఎండిపోతే గాలికి తేమనిచ్చే హ్యూమిడిఫయర్ పెట్టించండి.

అన్నిటికంటే కష్టమైనది లాలాజలం. గొంతు కండరాలు కూడా దెబ్బతిన్నవారికి గాలి ఆ ఉమ్మిని లోపలికి నెట్టి పొలమారేలా చేస్తుంది. వీరికి ఉమ్మి తగ్గించే మందు న్యూరాలజిస్టుతో రాయించి, ఉమ్మిని పీల్చి తీసే సక్షన్ మెషిన్ మంచం పక్కన ఉంచి, మాస్కు పెట్టేముందు నోరు శుభ్రం చేయాలి. ఇంగ్లండులోని న్యూకాజిల్‌లో 41 మంది రోగులపై జరిపి, 2006లో ప్రచురించిన పరీక్షలో, గొంతు కండరాలు బాగా దెబ్బతిననివారి జీవితకాలాన్ని ఈ యంత్రం మధ్యస్థ విలువ (మీడియన్) లెక్కన 205 రోజులు పెంచింది. తీవ్రంగా దెబ్బతిన్నవారికి ఆయుష్షు పెరగలేదు కానీ నిద్రకు సంబంధించిన బాధలు తగ్గాయి. అందువల్ల వారికీ ప్రయత్నించి చూడటం న్యాయమని నా అభిప్రాయం.

ఇంట్లో ఆక్సిజన్ కాన్సెంట్రేటర్ ఉంటే, బైపాప్‌కు బదులుగా దానిని పెట్టకండి. వేలికి పెట్టే ఆక్సీమీటరులో అంకె బాగానే కనిపిస్తుంది, రక్తంలో కార్బన్ డయాక్సైడ్ మాత్రం పెరిగిపోయి మనిషి మత్తులోకి జారవచ్చు. ఉదయం తలనొప్పి, పగటి మగత, పీడకలలు దాని గుర్తులు. కరెంటు పోయినా బైపాప్ ఆగకుండా ఇన్వర్టర్ తప్పనిసరి.

ఇవన్నీ చేశాక, భయం తీరాక కూడా ఆయన వద్దంటే, అది ఆయన నిర్ణయం. మొదలుపెట్టినా ఎప్పుడైనా ఆపమనే హక్కు తనకుందని ఆయనకు ముందే చెప్పండి. యంత్రం లేకుండా కూడా తక్కువ మోతాదు మార్ఫిన్ వంటి మందులతో ఆయాసాన్ని తగ్గించే పాలియేటివ్ కేర్ వైద్యులు ఉన్నారు; వారిని కలవడానికి ఆయన పరిస్థితి విషమించేదాకా ఆగవద్దు.