కిక్ ఎంత కిందికి ఉంటే అంత మంచిది

ప్రశ్న: కరాటే క్లాసుకు వెళ్తున్నాను. అక్కడ నడుము పైకి, తల ఎత్తుకి తన్నడమే ఎక్కువగా నేర్పిస్తున్నారు. నిజంగా ఎవరైనా మీద పడితే అవేవీ పనికిరావు, లో కిక్కులే, అంటే నడుము కింద తన్నేవే పనికొస్తాయని నా ఫ్రెండ్ అంటోంది. నిజమేనా? అయితే ఎక్కడ తన్నాలి?

జవాబు: మీ ఫ్రెండ్ చెప్పింది నిజమే. తల ఎత్తుకి కాలు లేవాలంటే ముందు ఒళ్లు వేడెక్కి ఉండాలి, బట్టలు కాలికి అడ్డం పడకూడదు, నేల జారకూడదు, ఎదుటివాడు సరిగ్గా కాలికి అందే దూరంలో ఉండాలి. గొడవ జరిగేచోట ఇవన్నీ ఒకేసారి ఎక్కడ కుదురుతాయి? పైగా కాలు నడుము దాకా లేచిందంటే దాన్ని వాడి చేతికి అందించినట్టే. ఒంటికాలి మీద నిలబడ్డ మనిషిని పడేయడానికి పెద్ద బలం కూడా అక్కర్లేదు. మోకాలి కింద తన్నారనుకోండి, అది వాడి కంటికి సరిగ్గా కనపడదు, పట్టుకోవాలంటే వంగాలి.

కొత్తవాళ్లకి నేను మొదట నేర్పేది షిన్ మీద, అంటే మోకాలికీ చీలమండకీ మధ్య ముందువైపు ఎముక మీద తన్నడం. అక్కడ చర్మం కిందే ఎముక, మధ్యలో అడ్డు కండ లేదు, చీకట్లో మంచం కోడు తగిలితేనే ప్రాణం పోయినంత పనవుతుంది కదా, అక్కడన్నమాట. కాలివేళ్లతో తన్నకండి, మీ వేళ్లే విరుగుతాయి. వెనక కాలిని నేలకి దగ్గరగా ముందుకి తెస్తూ పాదాన్ని బయటికి తిప్పండి, చెప్పు లోపలి అంచు గానీ మడమ గానీ ఎముకకి అడ్డంగా తగలాలి. తగిలాక కాలు వెనక్కి లాక్కోవచ్చు, వాడు మరీ మీదికొచ్చేసి ఉంటే అలాగే ఎముక వెంట కిందికి గీసుకుంటూ వెళ్లి వాడి పాదం మీద గట్టిగా తొక్కొచ్చు. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ కమాండోలకి విలియం ఫెయిర్‌బెయిర్న్ నేర్పిన తన్ను ఇలాంటిదే, ఫ్రాన్స్‌లో పుట్టిన సవాత్ అనే పోరు విద్యలోనూ బూటు అంచుతో షిన్ మీద కొట్టే తన్ను ఉంది. వెనకనుంచి వాటేసుకున్నప్పుడు కూడా ఇదే పని మడమతో చేయాలి.

క్లాసులో దాదాపు అందరి దగ్గరా చూసే పొరపాట్లు రెండున్నాయి. ఒకటి, తన్నేముందు కాలు వెనక్కి లాగి ఊపు తీసుకోవడం. అది చూడగానే వాడికి విషయం అర్థమైపోతుంది, కాబట్టి పాదం ఎక్కడుంటే అక్కడినుంచే కదలాలి. రెండోది కిందికి చూడటం. చూపు వాడి ఛాతీ మీదే ఉంచండి, అక్కడినుంచి చేతులూ భుజాలూ రెండూ కనపడతాయి. మీ చేతులు మాత్రం కిందికి దిగకూడదు, మొహం ముందే ఉండాలి. ఇంకా మంచిది, పైన ఏదో ఒకటి జరుగుతుండగా కింద తన్నడం: గట్టిగా అరవండి, చేతిలో ఉన్నది మొహం మీదికి విసరండి, వాడి ధ్యాస అటు మళ్లిన క్షణంలో కాలు పని చేయాలి. వాడు మీ రెండు మణికట్లూ పట్టుకున్నాడంటే వాడి చేతులు కూడా అక్కడే ఇరుక్కున్నాయి, అప్పుడు కూడా మీ కాళ్లు ఖాళీయే. షిన్ మీద తన్ను, వెంటనే వాడి బొటనవేలు ఉన్న వైపుకి మీ చెయ్యి తిప్పి లాగేసుకోవడం, పరుగు. ఈ మూడూ ఒకే పని అనుకోండి. తన్ని, ఏమైందో చూద్దామని అక్కడే నిలబడితే తన్నిన లాభం అంతా పోతుంది.

ప్రశ్న: థాయ్ బాక్సింగ్‌లోలాగా షిన్‌తో తొడ మీద కొడితే మనిషి ఒక్క దెబ్బకి కూలిపోతాడా?

జవాబు: బాగా శిక్షణ ఉన్నవాళ్లు తొడ బయటివైపు సరైన చోట కొడితే కాలు కాసేపు మొద్దుబారిపోతుంది, అది నిజం. కానీ ఒక్క దెబ్బకి కూలతాడని లెక్కలో వేసుకోవద్దు. 1976 జూన్‌లో టోక్యోలో బాక్సర్ మహమ్మద్ అలీకీ జపాన్ రెజ్లర్ ఆంటోనియో ఇనోకీకీ 15 రౌండ్ల పోటీ జరిగింది. ఇనోకీ చాలాసేపు కింద పడుకునే అలీ కాళ్ల మీద తన్నుతూనే ఉన్నాడు. అలీ కాళ్లు వాచిపోయాయి, తర్వాత ఆస్పత్రిలో చేరాల్సి వచ్చింది, అయినా ఆ 15 రౌండ్లూ నిలబడ్డాడు, పోటీ డ్రా అయింది. లో కిక్ దెబ్బ చాలాసార్లు పోగుపడుతూ పనిచేస్తుంది, వీధిలో మీకు అంత టైమ్ ఉండదు.

ఇంకో ప్రమాదం మీ ఎముకకే. 2013 డిసెంబర్‌లో యూఎఫ్‌సీ అనే మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ పోటీల్లో ఆండర్సన్ సిల్వా తన్నితే క్రిస్ వైడ్‌మన్ మోకాలు ఎత్తి అడ్డం పెట్టాడు, సిల్వా కాలే విరిగింది. 2021 ఏప్రిల్‌లో అదే వైడ్‌మన్, పోటీ మొదలైన కొన్ని క్షణాలకే యురయా హాల్ కాలి మీద తన్ని తన కాలు విరగ్గొట్టుకున్నాడు. జీవితమంతా అదే పని చేసినవాళ్లకే అలా జరిగింది. అందుకే మామూలు మనిషికి షిన్‌తో కొట్టడం కంటే చెప్పు అంచు, మడమ నయం అంటాను. మందపాటి ప్యాంటు మీద తొడ దెబ్బ ఎలాగూ కొంత తగ్గిపోతుంది కూడా.

ప్రశ్న: మోకాలి మీదే తన్నొచ్చు కదా? వాడి దగ్గర కత్తి ఉంటే?

జవాబు: మోకాలు పక్కవైపుకి వంగేది కాదు, అక్కడ గట్టిగా తగిలితే లిగమెంట్లు, అంటే ఎముకల్ని కలిపి పట్టుకునే పట్టీలు తెగుతాయి, మనిషి జన్మంతా కుంటొచ్చు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు తన్నండి, సందేహం లేదు. చొక్కా పట్టుకుని తిట్టుకునే గొడవలో మాత్రం వద్దు. ఆత్మరక్షణ విషయంలో చట్టం సాధారణంగా చూసేది ప్రమాదానికి తగ్గ బలమే వాడారా, ప్రమాదం తప్పాక ఆపారా అనే. కింద పడ్డవాడిని మళ్లీ తన్నితే అది ఆత్మరక్షణ కాదు.

కత్తి కనపడితే తన్నడానికి దగ్గరికి వెళ్లొద్దు. కాలు అందేంత దగ్గరుంటే, ఒక్క అడుగు వేస్తే కత్తీ అందుతుంది. పరుగెత్తండి, మధ్యలో కుర్చీ, బండి ఏదుంటే అది అడ్డం పెట్టుకోండి. పారిపోయే దారే లేకపోతే అప్పుడు తన్నండి. తాగినవాడు, మత్తులో ఉన్నవాడు నొప్పికి ఆగకపోవచ్చు, అలాంటివాడి విషయంలోనూ దూరమే మేలు.

ప్రశ్న: ఇంట్లో ఎలా ప్రాక్టీస్ చేయాలి?

జవాబు: రోజూ బయటికి వేసుకెళ్లే బట్టలతో, చెప్పులతో చేయండి. వదులు చెప్పులైతే తన్నగానే ఎగిరిపోతాయి, ఆ సంగతి ముందే తెలియాలి. పంచింగ్ బ్యాగ్ ఉంటే అడుగు భాగంలో తన్నండి, లేకపోతే గాల్లోనే మెల్లగా మొదలుపెట్టండి, నిలబడ్డ కాలి మడమ నేల మీద నుంచి లేవకుండా చూసుకోండి. ఫైటింగ్ పొజిషన్‌లో కాదు, బ్యాగు తగిలించుకుని మామూలుగా నిలబడి ఉన్నచోటు నుంచి. తోడు ఎవరైనా ఉంటే షిన్ గార్డులు కట్టించండి, మోకాలి జోలికి అస్సలు పోవద్దు. ప్రతిసారీ తన్నాక నాలుగడుగులు పక్కకి పరుగెత్తి ఆగండి, ఆ పరుగు కూడా కాలికి అలవాటవ్వాలి.