పాట వస్తది, ఛార్జ్ ఎక్కదు

ప్రశ్న: నమస్తే సార్, మాది మిర్యాలగూడ. ఇంట్ల పాత ఐపాడ్ స్పీకర్ డాక్ (ఆపిల్ వాళ్ల పాటల ప్లేయర్ ఐపాడ్‌ను మీద నిలవెట్టి పాటలు వినే స్పీకర్) ఒకటుంది. 2005ల కొన్న ఐపాడ్ దాని మీద పెడితే పాట వచ్చేది, ఛార్జ్ కూడా ఎక్కేది. అది ఖరాబైనంక ఇప్పుడు 2010 మోడల్ ఐపాడ్ నానో పెడుతున్న, గా చిన్న చదరంది. పాట మంచిగనే వస్తుంది గానీ ఛార్జ్ ఎక్కుతలేదు. షాపాయన బ్యాటరీ పోయింది మార్చాలె అంటుండు. నిజమేనా?

జవాబు: ఆగండి బ్రదర్, బ్యాటరీకి అప్పుడే పైసలు పెట్టకండి. ముందు నానోను వైర్‌తోని మామూలు యూఎస్‌బీ ఛార్జర్‌కు పెట్టి చూడండి, ఎక్కిందంటే బ్యాటరీ బాగనే ఉన్నట్టు, లొల్లి అంతా డాక్‌దే. డాక్ మీద ఐపాడ్ కూసునే ఆ వెడల్పు పిన్నుల 30 పిన్నులుంటయి, 2003 నుంచి 2012 దాకా వచ్చిన ఐపాడ్‌లల్ల చానా వాటికి అదే. కరెంటు వచ్చే దారులు మాత్రం దాంట్ల రెండు, ఒకటి యూఎస్‌బీది 5 వోల్టులు, ఇంకోటి ఫైర్‌వైర్ అనే ఇంకో పాత రకం కనెక్షన్‌ది, ఆనాటి డాక్‌లు చానా వరకు ఈ రెండో దాన్ల 12 వోల్టులు పంపేవి. 2008ల వచ్చిన ఐపాడ్ నానో, ఐపాడ్ టచ్ నుంచి ఆపిల్ వాళ్లు ఆ రెండో దారి మూసేసిండ్రు. పాట పోయే పిన్నులు వేరే, అందుకే పాట వస్తది, ఛార్జ్ రాదు. షాపాయన తప్పు కూడా కాదులెండి, ఇది చూస్తే ఎవరికైనా బ్యాటరీ అనే అనిపిస్తది.

రాత్రి వైర్‌కు పెట్టుకోండి, పొద్దుగాల డాక్ మీద పాటలు పెట్టుకోండి, అంతే. ఎవరన్నా ఐపాడ్ తీరుగ పిన్ను మీద కూసునే బ్లూటూత్ ముక్క కొనుక్కో, ఫోన్ పాటలు వస్తయి అంటే తొందరపడకండి, అది కూడా చానా వరకు 5 వోల్టుల మీదనే నడుస్తది, మీ డాక్ మీద లైటు కూడా వెలగకపోవచ్చు. డాక్ ఎనక ఆక్స్ అని చిన్న గుండ్రటి రంధ్రం ఉందేమో చూడండి, ఉంటే రెండు దిక్కుల 3.5 ఎంఎం పిన్ను ఉన్న వైర్ ఒకటి చాలు, నల్గొండ క్లాక్ టవర్ కాడ ఏ మొబైల్ షాపుల అడిగినా ఇస్తరు.

ప్రశ్న: మేడం పేరు రాయొద్దన్నరు, మహబూబ్‌నగర్ నుంచి. వాళ్ల అన్న అమెరికా నుంచి పాత 30 పిన్నుల డాక్ తెస్తనంటుండట, ఈమెది చిన్న పిన్ను ఐపాడ్ టచ్. కూసుంటదా అని.

జవాబు: డైరెక్టుగ కూసోదమ్మా. మీది 2012ల వచ్చిన లైట్నింగ్ పిన్ను, నడుమ కన్వర్టర్ పెట్టాలె. పాట వస్తది, వీడియో రాదు. కన్వర్టర్ మీద టచ్ నిలవెడితే ఊగుతది, ఎనక అగ్గిపెట్టె లాంటిది ఏదన్నా ఆనిచ్చుకోండి (నేను అట్లనే చేసిన, చూస్తానికి బాగుండదు గానీ పనైతది). ఇంకో మాట, డాక్ సంచిల పెట్టకముందే మీ అన్నను అడాప్టర్ తిప్పి చూడమనండి. ఇన్‌పుట్ 100-240 అని ఉంటే పిన్ను మార్చుకుంటే సరిపోతది. 120 అని ఒక్కటే ఉంటే మన 230ల పెట్టంగనే పొగొస్తది, ఆ అడాప్టర్ అక్కడనే వదిలేసి, దాని మీద అవుట్‌పుట్ ఎన్ని వోల్టులు, ఎన్ని ఆంపియర్లు, పిన్ను లోపల ప్లస్సా మైనస్సా అన్నది ఫోటో తీసి పంపమనండి, ఆ లెక్కకు ఇక్కడ కొనుక్కోవచ్చు.