లిటిల్ అండమాన్‌లో కాపురం: తిరుపతి వైపు నుంచి వెళ్లే కుటుంబానికి వంటింటి సంగతులు

తన భర్తకు లిటిల్ అండమాన్ దీవిలోని హట్‌బేకు బదిలీ అయిందని, ఆరేళ్ల పాపను, అత్తగారిని వెంటబెట్టుకుని వెళ్లాల్సి వస్తోందని, అక్కడ మన వంట సాగుతుందా, ఏమేం పట్టుకెళ్లాలి, ఇరుగుపొరుగు ఎలా ఉంటారని చంద్రగిరి సోదరి ఒకరు అడిగారు. మా వారి ఉద్యోగరీత్యా మేము అదే ఊళ్లో కొన్నేళ్లు కాపురం చేసి తిరుపతికి తిరిగి వచ్చినవాళ్లం కాబట్టి, నాకు అనుభవంలో తెలిసినంతవరకు వివరంగా రాస్తున్నాను. అందరూ సరుకులు దొరకవేమోనని భయపడతారు. నా దృష్టిలో అక్కడి వంటింటికి కొరత కంటే తేమ పెద్ద సమస్య. ఆ తేమను దృష్టిలో పెట్టుకుని మూటలు కట్టుకుంటే సగం కష్టం ఇక్కడే తీరిపోతుంది.

మొదట దారి సంగతి. చెన్నై నుంచి పోర్ట్‌బ్లెయిర్‌కు (2024 నుంచి దాని పేరు శ్రీ విజయపురం) విమానంలో రెండు గంటలకు పైచిలుకు, ఓడలో అయితే రెండున్నర నుంచి మూడు రోజులు పడుతుంది. అక్కడి నుంచి హట్‌బే దక్షిణంగా సుమారు 120 కిలోమీటర్లు. దీవుల మధ్య తిరిగే ఓడలో ఆరు నుంచి ఎనిమిది గంటల ప్రయాణం. మనుషులు విమానంలో వెళ్లినా, సామాను మాత్రం స్టీలు ట్రంకు పెట్టెల్లో ఓడకు వేయడమే మంచిది. బియ్యం, కందిపప్పు, నూనె, ఎర్రగడ్డలు, ఉర్లగడ్డలు, గ్యాసు సిలిండర్లు, చివరికి కరెంటు తయారుచేసే జనరేటర్ల డీజిలు కూడా ఆ దీవికి సముద్రం మీదుగానే రావాలి. తుపాను హెచ్చరిక వస్తే ఓడలు ఆగిపోతాయి. అప్పుడు బజారులో మొదట అయిపోయేవి ఎర్రగడ్డలు, కోడిగుడ్లు. అందుకని బియ్యం, పప్పు, నూనె ఎప్పుడూ ఒక నెలకు సరిపడా ఇంట్లో ఉంచుకోవాలి, రెండో సిలిండరు తప్పనిసరిగా తీసుకోవాలి. కరెంటు పోతూ వస్తూ ఉంటుంది కనుక ఫ్రిజ్‌ను నమ్ముకుని వారానికి సరిపడా వండిపెట్టుకునే అలవాటు అక్కడ పనికిరాదు.

ఇక తేమ. నైరుతి, ఈశాన్య రుతుపవనాలు రెండూ ఆ దీవులను తడుపుతాయి. మే నెల సగం నుంచి డిసెంబరు దాకా వానలే. ఏడాదికి సుమారు 3,000 మిల్లీమీటర్లు కురుస్తుంది, అంటే మన జిల్లా వానకు మూడింతలు. ఉప్పు జాడీలో నీరు ఊరుతుంది. అప్పడాలు చేత్తో మడిస్తే విరగకుండా వంగుతాయి. ఎండుమిరపకాయలకు తొడిమ దగ్గర తెల్లగా బూజు మొదలై, రెండు మూడు వారాల్లో కాయ లోపలికి పాకుతుంది. అందువల్ల మిరపకాయలను ఇక్కడే తొడిమలు తీసి, గలగలలాడేలా ఎండబెట్టి, కారం కొట్టించి, కాస్త ఉప్పు కలిపి గట్టి మూత డబ్బాల్లో పెట్టుకుని వెళ్లండి. చింతపండు గింజలూ ఈనెలూ తీసి, ఉప్పు చల్లుతూ జాడీలో గట్టిగా అదిమి పెడితే ఏడాది గడిచినా చెడదు. రాగులను పిండిగా కాక గింజలుగానే తీసుకెళ్లండి. పిండి ముక్కవాసన పడుతుంది, గింజలు నిలుస్తాయి. పది పదిహేను రోజులకొకసారి మిక్సీలో పట్టి జల్లించుకుంటే సంగటికి సరిపోతుంది. సంగటి కట్టె కూడా పెట్టెలో వేసుకోండి.

చెనక్కాయ విత్తనాల విషయంలో మాత్రం గట్టిగా చెబుతున్నాను. తేమ తగిలిన విత్తనాలకు పట్టే ఒక రకం బూజు అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని తయారుచేస్తుంది. అది కాలేయాన్ని దెబ్బతీస్తుంది, వేయించినా పూర్తిగా పోదు. కాబట్టి ఊరిబిండి కోసమని పది కిలోల మూట మోసుకుపోవద్దు. కొద్దికొద్దిగా తెప్పించుకుని, వెంటనే వేయించి, చల్లారాక సీసాలో పెట్టుకోండి. రంగు మారినవి, చేదుగా ఉన్నవి పారేయండి.

మన వరుగులు అక్కడ ఎంత అక్కరకు వస్తాయో ఇక్కడ ఉండగా ఊహించలేము. ఈ వేసవిలోనే వంకాయ, మటిక్కాయ, కాకరకాయ వరుగులు, మామిడి ఒరుగులు చేసి పెట్టుకోండి. ఓడ రాని వారంలో నానబెట్టిన మటిక్కాయ వరుగులతో ఒక పులుసు, ఇంత పప్పు ఉంటే ఇంట్లో ఎవరికీ లోటు తెలియదు. వాటిని అక్కడికి వెళ్లాక ఎండబెట్టుకుందామనుకుంటే జనవరి నుంచి ఏప్రిల్ వరకు మాత్రమే నమ్మదగిన ఎండ ఉంటుంది. ఆవకాయ పైన రెండు వేళ్ల మందం నూనె నిలిచేలా చూసుకుని, తడి గరిటె తగలనీయకపోతే చెడిపోదు.

మీ అత్తగారికి పెరుగన్నం లేనిదే భోజనం కాదని రాశారు. పాడి జిల్లాలో పుట్టి పెరిగినవాళ్లకు ఇదొక బెంగే. అక్కడ తాజా పాలు తక్కువగా దొరుకుతాయి, ఎక్కువ ఇళ్లలో పాలపొడే వాడతారు. పాలపొడితో చక్కని పెరుగు తోడుకుంటుంది, కాకపోతే కలపడంలో ఒక పద్ధతి ఉంది. టీకి కలిపే దానికంటే చిక్కగా, గోరువెచ్చని నీళ్లలో ఉండలు లేకుండా గిలక్కొట్టి, పొంగు వచ్చేవరకు కాచి, వేలు పెడితే ఓర్చుకోగలిగినంత వేడికి దించి, చెంచాడు తోడు వేసి మట్టి ముంతలో పెట్టాలి. అక్కడ రాత్రుళ్లు కూడా వెచ్చగానే ఉంటాయి కనుక రాత్రి పడుకోబోయేముందు తోడు వేస్తే తెల్లవారేసరికి గడ్డకడుతుంది. ఇంకా ఆలస్యం చేస్తే పులిసిపోతుంది. తోడు పోగొట్టుకోకండి. పోతే పక్కింట్లో అడగండి, ఎవరో ఒకరి దగ్గర తప్పకుండా ఉంటుంది.

దీవిలో పండేవాటిలో కొబ్బరి, అరటి, బొప్పాయి, కర్రపెండలం, చిలగడదుంప, బచ్చలి, తోటకూర, బెండ, కాకర బాగా దొరుకుతాయి. మనం కొబ్బరిని పచ్చడికీ పొడికీ వాడతాము. అక్కడ కొబ్బరిపాలతో పులుసు పెట్టడం నేర్చుకుంటే వంట తీరే మారిపోతుంది. చేపలు తింటారు కాబట్టి చెబుతున్నాను: మన చెరువు చేపలకు పెట్టినంత చింతపండు సముద్రపు చేపకు అక్కర్లేదు. వంజరం ముక్కలను పలుచని చింతపండు రసంలో, పచ్చిమామిడి వేసి ఉడికించి, దించబోయేముందు ఒక గ్లాసు కొబ్బరిపాలు పోసి, మరగనీయకుండా సన్నని సెగ మీద రెండు నిమిషాలు ఉంచితే, ఆ పులుసు రాగి సంగటికి కోడికూరకు ఏమాత్రం తీసిపోదు. చేపలు కడిగిన నీళ్లు, వ్యర్థాలు వాగుల్లో పారబోయకండి. ఆ దీవుల్లో ఉప్పునీటి మొసళ్లు ఉన్నాయి, ఆ వాసనకు ఒడ్డుకు వస్తాయి. ఇంటి వెనుక గొయ్యి తీసి పూడ్చడం అందరికీ క్షేమం.

పెరటికి చోటు దొరుకుతుంది. గోంగూర, కొత్తిమీర, బీర, సొర విత్తనాలు తీసుకెళ్లండి. వానాకాలంలో అరచేయంత పెద్ద ఆఫ్రికా నత్తలు రాత్రిపూట వచ్చి లేత మొలకలను మొదలంటా కొరికేస్తాయి. మందుల కంటే, చీకటిపడ్డాక టార్చిలైటు పట్టుకుని, చేతికి ప్లాస్టిక్ సంచి తొడుక్కుని ఏరి, ఉప్పునీళ్ల బక్కెట్‌లో వేయడమే ఎక్కువ పనిచేస్తుంది. వట్టి చేతులతో తాకకూడదు, వాటివల్ల రోగాలు అంటుకుంటాయి. ఆకుకూరలను పిల్లలకు పచ్చిగా పెట్టవద్దు.

ఇరుగుపొరుగు గురించి మీరు కొంత భయంతో అడిగినట్లు తోచింది. 2011 జనగణన ప్రకారం అండమాన్ నికోబార్ జనాభా దాదాపు 3,80,000; అందులో నూటికి 13 మంది మాతృభాష తెలుగే. వారిలో చాలామంది శ్రీకాకుళం, విశాఖపట్నం వైపు నుంచి వచ్చినవారు, ఎందరో చేపల వేటలో ఉన్నారు. హట్‌బే చుట్టుపక్కల ఊళ్లలో తూర్పు బెంగాల్ నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలు ఎక్కువ. హర్మిందర్ బేలో నికోబారీలు ఉంటారు. తమిళులు, చోటానాగపూర్ వైపు నుంచి వచ్చిన ఆదివాసీలు కూడా ఉన్నారు. అందరినీ కలిపేది హిందీ. వ్యాకరణం చూసుకోకుండా ధైర్యంగా మాట్లాడేయండి.

నేను దీదీ అని పిలిచే పక్కింటి బెంగాలీ ఆమె మేము దిగిన వారంలోనే ఆవపిండి పెట్టిన చేపల కూర గిన్నెతో తెచ్చి ఇచ్చింది. గిన్నెను ఖాళీగా పంపకూడదన్నది మన ఆనవాయితీ కదా. అందులో కొంచెం కొరివికారం పెట్టి పంపాను. ఆ గిన్నె అలా రెండిళ్ల మధ్య తిరుగుతూనే ఉండిపోయింది. ఉగాదికి నేను ఎండబెట్టి తెచ్చుకున్న వేపపువ్వుతో పచ్చడి చేసి ఇస్తే ఆమె ముఖం చిట్లించలేదు. వసంతంలో లేత వేపాకును వంకాయతో వేయించి అన్నంలో మొదటి ముద్దగా తినడం వాళ్ల ఇళ్లలో ఉన్నదే. ఒకసారి తుపాను వల్ల ఓడలు రాక బజారులో ఎర్రగడ్డలు అయిపోయినప్పుడు, నల్లజీలకర్ర పోపుతో ఎర్రగడ్డ ఊసే లేకుండా పప్పు కమ్మగా ఎలా వండవచ్చో ఆమె మా వంటింట్లోకి వచ్చి పొయ్యి దగ్గర నిలబడి చూపించింది. ఇప్పటికీ తిరుపతిలో మా ఇంట్లో ఆ పప్పు చేస్తాను.

తిరుమల శనివారాలు అక్కడ ఎలా జరుపుకోవాలని మీ అత్తగారు దిగులుపడుతున్నారన్నారు. మేము ఏ ఏడూ మానలేదు. అరటాకులకు కొదవలేదు, గుమ్మడికాయ దొరుకుతుంది, బియ్యప్పిండి బెల్లంతో దీపాలు చేసుకోవచ్చు. నామం పెట్టి, తళిగ వేసి, గోవింద నామం చెబుతుంటే మా పక్కింటి పిల్లలు కూడా గొంతు కలిపేవారు. వడలు, చిత్రాన్నం, కొబ్బరిపాల పాయసం పదిళ్లకు వెళ్లేవి. దుర్గాపూజకు వాళ్ల ఖిచిడీ ప్రసాదం, క్రిస్మస్‌కు నికోబారీల ఇళ్ల నుంచి పిలుపు మనకు వచ్చేవి. నికోబారీలు మొగలి జాతి చెట్టు పండును గంటలకొద్దీ ఉడికించి, పీచు నుంచి గుజ్జు వేరుచేసి ముద్దగా చేసుకుంటారు. అది వారికి మన సంగటి లాంటి ముఖ్యాహారం. పెట్టినప్పుడు కాదనకుండా రుచి చూడండి, వారికి చాలా సంతోషం. కానీ డుగాంగ్ క్రీక్‌లోని ఓంగీ ఆదివాసీల రక్షిత ప్రాంతానికి మాత్రం వెళ్లడం, వారికి తినుబండారాలు ఇవ్వడం, ఫొటోలు తీయడం చట్టరీత్యా నేరం. ఆ సంగతి పాపకు కూడా అర్థమయ్యేలా చెప్పండి. ఒడ్డున పగడపు ముక్కలు, గవ్వలు ఏరి ఇంటికి తేవడం కూడా వద్దు.

ఇంటి దినచర్య మారుతుంది. గడియారం మనదే అయినా సూర్యుడు దాదాపు గంట ముందు ఉదయించి, గంట ముందు అస్తమిస్తాడు. ఐదింటికల్లా తెల్లవారిపోతుంది, డిసెంబరులో సాయంత్రం ఐదున్నరకే చీకటి. రాత్రి భోజనం ఏడింటికి ముగించడం మాకు అలవాటైంది. చీకటిపడిన తర్వాత అన్నం ఉడికేవరకు పాపకు తెలుగు చదవడం, రాయడం నేర్పండి. బడిలో దానికి వీలు దొరకకపోవచ్చు. 2020 ఆగస్టులో చెన్నై నుంచి వేసిన సముద్రగర్భ కేబుల్ లిటిల్ అండమాన్‌కు కూడా చేరింది కాబట్టి, మేము వెళ్లిన కొత్తలో ఉన్నట్లు కాకుండా, ఇప్పుడు వీడియో కాల్‌లో అమ్మను పక్కన పెట్టుకుని వంట చేయవచ్చు.

భయపెట్టాలని కాదు గాని, 2004 డిసెంబరు 26న సునామీ హట్‌బే బజారును తుడిచిపెట్టింది, జెట్టీని దెబ్బతీసింది. మీ ఇరుగుపొరుగులో ఆనాడు అయినవాళ్లను పోగొట్టుకున్నవారు ఉంటారు. వాళ్లంతట వాళ్లు చెబితే వినండి, అడగవద్దు. భూకంపం గట్టిగా, ఎక్కువసేపు వస్తే ఎవరి కబురు కోసమూ ఆగకుండా ఎత్తైన చోటికి వెళ్లాలి. హైదరాబాదులోని జాతీయ సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ 2007 నుంచి సునామీ హెచ్చరికలు ఇస్తున్నప్పటికీ, దగ్గరలో పుట్టిన అల నిమిషాల్లోనే చేరవచ్చు. తలుపు పక్కన అటుకులు, బెల్లం, నీళ్లు, అత్తగారి మందులు, టార్చిలైటు ఉన్న సంచి ఎప్పుడూ ఉంచుకోండి.

అత్తగారిని వెంటనే తీసుకెళ్లాలా అన్నది మీ చివరి ప్రశ్న. ఊళ్లో ప్రభుత్వ ఆసుపత్రి ఉంది, కానీ పెద్ద జబ్బులకు పోర్ట్‌బ్లెయిర్‌లోని జి.బి. పంత్ ఆసుపత్రికే పంపుతారు. వానాకాలంలో సముద్రం పోటుమీద ఉన్నప్పుడు ఆ ఓడ ప్రయాణం పెద్దవాళ్లకు చాలా కష్టం. అందుచేత మీరిద్దరూ పాపతో ముందు వెళ్లి, ఇల్లు అమర్చుకుని, దోమతెరలు కట్టుకుని, సముద్రం నెమ్మదించే జనవరి చివర్లో ఆవిడను రప్పించుకోవడం మంచిదని నా అభిప్రాయం. బి.పి., షుగరు మందులు కనీసం మూడు నెలలకు సరిపడా, డాక్టరు చీటీతో సహా ఆవిడ చేతిసంచిలోనే ఉండాలి, ట్రంకు పెట్టెలో వేయవద్దు.